పండగ వెళ్లాక మాట్లాడదాం

కొల్లేటి పక్కనున్న ఆ చిన్న పట్నంలో చేపలమ్మే ప్రసన్నకుమారి తూకానికి పైన ఇంకో ముక్క వేసే మనిషేగాని, ఒకరి సొమ్ము ముట్టే రకం కాదు. అలాంటి మనిషి మీద మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ హెన్రీ దొంగతనం కేసు పెట్టించాడు. మార్కెట్లో నీళ్ల మోటారును ఆవిడే మాయం చేసిందట. తీరా కోర్టులో తేలిందేమిటయ్యా అంటే, ఆ మోటారును ఆఫీసువాళ్లే బాగుచేయించడానికి తాడేపల్లిగూడెం పంపి, ఆ సంగతే మరిచిపోయారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా?

ప్రసన్నకుమారి నిర్దోషి అని తీర్పు వచ్చింది. కానీ మార్కెట్లో ఆమె కూర్చునే చోటు అప్పటికే వేరేవాళ్ల పాలైంది. ఆమె పక్కన నిలబడితే జనం సంచులు దగ్గరకు లాక్కుంటున్నారు. తన పరువు తీసినందుకు మున్సిపాలిటీ మీదా, హెన్రీ మీదా దావా వేసి తీరాలనుకుంది.

అయితే హెన్రీదీ ఆమెదీ ఒకే చర్చి. సంఘంలో ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కే ముందు పెద్దలకు చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. ఆమె సంఘపెద్ద అబ్రహాం గారికి చెప్పుకుంది.

"ఈస్టరు వెళ్లనీ అమ్మా, కూర్చోబెట్టి మాట్లాడదాం" అన్నారాయన. ఈస్టరు వెళ్లాక కోత పండగ అన్నారు, ఆ తర్వాత క్రిస్మస్ అన్నారు. పాపం, ఆమె పెద్దాయన మాట జవదాటలేదు.

చివరికి విసిగిపోయి ఏలూరులో లాయరు మనోజ్ఞ దగ్గరకు వెళ్లింది.

"తీర్పు వచ్చిన ఏడాదిలోపు దావా వేయాలండీ. పోయిన నెలతో గడువు అయిపోయింది."

"పెద్దలు మాట్లాడతానన్నారనే ఆగానండీ. ఆ రోజులు మినహాయించరా?" అంది ప్రసన్నకుమారి.

"మినహాయించరండీ" అంది మనోజ్ఞ, తల దించుకుని.

ఆ ఆదివారం ఆరాధన కాగానే హెన్రీ లేచి, అందరి ముందూ చేతులు జోడించాడు. "ప్రసన్నకుమారిగారి మీద తప్పుడు కేసు పెట్టానండీ. క్షమించమని అడుగుతున్నాను."

సంఘమంతా ఆమెన్ అంది. అబ్రహాం గారికి కళ్లు చెమర్చాయి.

ప్రసన్నకుమారి మెల్లగా అడిగింది: "ఏవండీ, ఈ మాట పోయిన నెల చెప్పలేకపోయారా?"

హెన్రీ జోడించిన చేతులు దించాడు. "మా ఆఫీసు లాయరు వద్దన్నారండీ. గడువు దాటాక చెప్పుకోమన్నారు."

అబ్రహాం గారు లేచి ఆమె దగ్గరకు వచ్చారు. "గడువుంటుందని నాకు తెలీదమ్మా" అన్నారు.

"నాకూ తెలీదండీ. ఇంక కోర్టు నా గోడు వినదు. మీరే చెప్పండి, నేనెవరితో చెప్పుకోవాలి?"

ఆయన పక్కనున్న కుర్చీ పట్టుకుని కూలబడ్డారు.