సైరన్ ముందటి పాట

రాయమల్లు కాక బొగ్గు బాయిలో ఏరికోరి నైట్ షిఫ్టులు చేసినవాడు. అంటే, కాలనీ ఆడవాళ్లు బతుకమ్మ ఆడే వేళకు ముసుగుతన్ని పడుకున్నవాడు. "ఒక్కసారి వచ్చి నా పాట ఇనరాదూ" అని ఆయన భార్య ఐలవ్వ చిన్నమ్మ ఏటా బతిమాలేది. "డ్యూటీకి పోవద్దానే?" అని అటు తిరిగేవాడు. పోయినేడు చిన్నమ్మ చనిపోయింది.

ఇప్పుడాయనకు పాట కావాలట! స్టీరియోను భుజానేసుకుని గోదావరిఖనిలోని నా రిపేరు దుకాణానికి వచ్చాడు. అందులో సీడీలు ఆడే భాగం ఎప్పుడో పాడైంది. చేతిలో ఒక సీడీ. ఎప్పుడో ఫొటో స్టూడియో వాళ్లు రికార్డు చేసి పంచిన కాలనీ బతుకమ్మ పాటలు.

"ఇంకా సీడీలేంది కాకా? ఫోన్ల ఎక్కిస్త, జేబుల ఏసుకో."

"ఫోన్ల ఆమె గొంతు సన్నగైతది వహాబూ. ఇంట్ల, ఈ డబ్బాలనే ఇనాలె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిట్టుకుంటూనే పాత కంప్యూటర్ల కుప్పంతా తిరగేశాను. ముందువైపు ప్లే బటను, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న సీడీ డ్రైవు అడుగున ఒక్కటి దొరికింది. కంప్యూటర్ కరెంటు డబ్బాలో ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితే చాలు, కంప్యూటర్ లేకుండానే ఆ డ్రైవు తిరుగుతుంది. అన్నీ మోసుకెళ్లి వాళ్లింట్లోనే బిగించాను. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి స్టీరియో వెనక్కి వైరు పెట్టి బటను నొక్కాను.

యా అల్లా, ఏం గొంతు! చిన్నమ్మ ముందు పాడుతుంటే వెనక కాలనీ అంతా అందుకుంటోంది. కాక గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

పాట మధ్యలో, ఆ సీడీలోనే, నైట్ షిఫ్టు సైరన్ మోగింది. చిన్నమ్మ ఆగిపోయింది.

"జమునా, నువ్వు అందుకోవే. మా ఆయనకు టిఫిన్ కట్టాలె."

గాజుల చప్పుడు దూరమైంది. మిగతా పాటంతా జమునక్కే పాడింది.

"ఇంకింత సేపు ఉంటే ఏమాయెనే..." కాక వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఆపబోతే చెయ్యి పట్టుకున్నాడు. "మళ్ల మొదటికెళ్లి పెట్టు బిడ్డా."

పెట్టాను. ఈసారి సైరన్ మోగగానే కాక లేచి డబ్బా ముందుకు వచ్చాడు.

"పోకే ఐలూ, పాడు. ఇయ్యాల నాకు డ్యూటీ లేదు."