దాచిన వరుస

మీరు పెంచిన బిడ్డ ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో మౌస్ ఒక్కసారి నొక్కితే తెలుస్తుందంటే, నొక్కకుండా ఉండగలరా? గళ్ళత్త మాత్రం వేసవంతా నొక్కలేకా, ఊరుకోలేకా నలిగిపోయింది.

ఆమె అనాథ శిశువుల సంరక్షణాలయంలో ఆఫీసు పని చూసేది. దేన్నైనా గళ్ళు గీసి సర్దితే తప్ప ఆమెకు తోచదు కనుక పిల్లలు ఆ పేరు పెట్టారు. పిల్లల వివరాలు అంతవరకూ ఏదో కంపెనీవారి అద్దె సర్వర్లో ఉండేవి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర మన పిల్లల గుట్టెందుకని డైరెక్టరమ్మ పట్టుబట్టింది. గళ్ళత్త మూలనపడ్డ కంప్యూటర్‌ను దులిపి, డేటాబేస్‌ను స్ప్రెడ్‌షీట్‌లా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో ఎక్కించింది. కోడ్ రాసే పని లేదు గానీ, కరెంటు పోయినప్పుడల్లా అది అలిగి కూర్చునేది, బతిమాలి లేపుకోవాలి.

దత్తత వెళ్ళిన బిడ్డ చిరునామా ఎవరికీ తెలియకూడదు. అంతకుముందు బిడ్డను తాత్కాలికంగా పెంచిన ఇంటికి అసలే తెలియకూడదు. అందుకే డైరెక్టరమ్మ చిరునామాల నిలువు వరుసను ఎంచి, 'దాచు' నొక్కి, బీరువాకు తాళం వేసినంత నిశ్చింతగా లేచి వెళ్ళింది. దాచిన వరుస 'చూపు' అంటే మళ్ళీ ప్రత్యక్షమవుతుందని, అలా అనే హక్కు ఆ యంత్రాన్ని నిలబెట్టి, అందులో యజమానిగా పేరు నమోదైన తనకుందని గళ్ళత్తకు తెలుసు. ఆ సంగతి డైరెక్టరమ్మకు చెప్పకుండా దాచింది.

ఆ పట్టికలో చిట్టి ఉంది. పళ్ళు రాకముందు గళ్ళత్త ఇంటికి వచ్చి, చెప్పులు తిరగేసి తొడుక్కునే వయసులో దత్తత వెళ్ళిపోయింది. నిద్రపట్టాలంటే గళ్ళత్త చెవితమ్మె పట్టుకోవాలి దానికి. ఇప్పుడు ఆ చెవిని ఆమే తడుముకుంటోంది.

దర్జీ పని చేసే భర్త కత్తెర పక్కన పెట్టి అన్నాడు. "ఆ అడ్రసేదో చూడరాదూ? గేటు దాకా వెళ్ళి, ఒక్కసారి చూసి వచ్చేద్దాం."

"గేటు దాకా వెళ్ళినదాన్ని వెనక్కి వస్తానా?"

"నీ సంగతేమో గానీ, నేనైతే వెనక్కి రాను," అని మళ్ళీ మిషను తొక్కాడు.

మర్నాడు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆమె 'చూపు' నొక్కింది. ఒక్క బిడ్డ గడి విడిగా తెరుచుకోదు. వరుస మొత్తం పరుచుకుంది. మొట్టమొదటిది ఒక పిల్లవాడి చిరునామా. వాడి కన్నతండ్రి తాగినప్పుడల్లా సంరక్షణాలయం గేటు దగ్గర కూలబడి, ఒక్కసారి చూస్తానని ఏడుస్తాడు. చెప్పకూడదయ్యా, వెళ్ళు అని అతన్ని ప్రతిసారీ పంపించేసింది తనే. అతను అడిగినదీ, తను అడుగుతున్నదీ ఒక్కటే. కిందికి జరపకుండానే తెర ఆర్పేసి డైరెక్టరమ్మ గదికి వెళ్ళింది.

"మేడం, ఆ వరుసకు తాళం పడలేదు. కనపడకుండా పోయిందంతే. నేను తెరిచాను."

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "చిట్టిది చూశావా?"

"అంతదాకా రాలేదు. వస్తే ఆగేదాన్ని కాదు."

పనిలోంచి తీసేయమంటావా అని డైరెక్టరమ్మ అడిగింది. వద్దంది గళ్ళత్త, చిరునామాలను తను అడుగుపెట్టలేని వేరే పట్టికలోకి మార్చుకొమ్మంది, యంత్రం పాస్‌వర్డ్ కూడా కొత్తది పెట్టుకొమ్మంది, ఎలాగో పక్కన కూర్చుని నేర్పుతానంది. "చిట్టి వివరాల్లో మా ఇంటి ఫోన్ నంబరొకటి రాయండి మేడం. పెద్దయ్యాక తనంతట తనే అడిగితే ఇద్దురుగాని."

డైరెక్టరమ్మ తలూపింది. పనంతా ముగిశాక గళ్ళత్త ఆ సాఫ్ట్‌వేర్‌లో యజమానుల జాబితా తెరిచి, అందులోంచి తన పేరును తనే తీసేసుకుంది.