పక్కవాడి కడ్డీ

యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో కటింగ్ మాస్టారిని ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. తప్పుల మాస్టారనేవారు. నలభై పొరల గుడ్డ అతని చేతిలో ఒక్క నూలు పక్కకి పోకుండా తెగేది, ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేరు మాత్రం భోజనాల గదిలో వచ్చింది. ఆ గదిలో కిటికీ కింద ఒక ఫుట్‌బాల్ బల్ల ఉండేది. అటు పదకొండు, ఇటు పదకొండు చెక్క బొమ్మలు ఇనుప కడ్డీలకి గుచ్చి ఉంటాయి. కడ్డీ తిప్పితే బొమ్మ బంతిని తంతుంది. మధ్యాహ్నం కడుక్కున్న చెయ్యి ఆరకముందే జనం దాని చుట్టూ మూగేవారు. మాస్టారు ఆడేవాడు, ఆడనప్పుడు ఆడేవాళ్ల తప్పులు చెప్పేవాడు. అడిగినవాళ్లకి చెప్పేవాడు, అడగనివాళ్లకి ఇంకాస్త వివరంగా చెప్పేవాడు.

"అలా గిరగిరా తిప్పకు నాయనా, అది విసుర్రాయి కాదు."

"పారిపోయే కోడిని పట్టుకున్నట్టు ఆ పిడిని అంత బిగించావేం? మణికట్టు ఎలా ఆడుతుంది?"

"బంతి అందగానే కొట్టెయ్యడమేనా? ముందు ఆపు. చూడు. అప్పుడు కొట్టు. అయినా బంతిని చూస్తావేం, అవతలివాడి మణికట్టు చూడు!"

గోలు కాసే బొమ్మని ఊరికే అటూ ఇటూ ఊపినా అతనికి ఒళ్లు మండేది. అన్నిటికంటే పెద్ద తప్పు మాత్రం ఒకటుంది. ఒక్కో పక్క ఇద్దరు ఆడతారు; ముందువాడికి రెండు కడ్డీలు, వెనకవాడికి రెండు. ఎంత కొంప మునిగినా పక్కవాడి కడ్డీ మీద చెయ్యి వెయ్యకూడదు. వేస్తే అవతలివాళ్లకి ఒక గోలు. ఈ నియమం ఆ గదిలో పెట్టింది మాస్టారే. "నీదొదిలేసి వాడిది పట్టుకుంటే, వాడి మీద నీకు నమ్మకం లేదని ఊరందరికీ చాటినట్టేరా" అనేవాడు.

అతని వెనక గోలు కాసేది ఇస్త్రీ పెద్దాయన. ఇద్దరూ తోడల్లుళ్లు, భార్యలు అక్కచెల్లెళ్లు. ఇరవై ఒక్క ఏళ్ల కిందట పని దొరక్క తిరుగుతున్న మాస్టారిని వెంటబెట్టుకొచ్చి, ఆ కార్ఖానా గేటు దగ్గర నిలబెట్టింది పెద్దాయనే. "ఎవరితను?" అని అడిగితే తోడల్లుడని చెప్పలేదు, "మా తమ్ముడు" అన్నాడు. ఆ మాట మాస్టారు మరిచిపోలేదు. అప్పటినుంచి ఆ బల్ల దగ్గర ఈ ఇద్దరూ ఒకే పక్క.

ఇన్నేళ్ల తర్వాత ఒకరోజు ఇస్త్రీ అయిన చొక్కాల కట్ట విప్పి చూస్తే, చొక్కా చేతుల మీద ఒక్క మడత గీత ఉండాల్సిన చోట జంట గీతలు పడి ఉన్నాయి. మాస్టారికి అనుమానమొచ్చింది. ఇస్త్రీకి రెండు చేతులూ కావాలి. కుడిచెయ్యి పెట్టెని లాగుతుంటే, ఎడమచెయ్యి దాని ముందు గుడ్డని సాపు చేస్తూ పోవాలి. వెళ్లి దూరంనుంచి గమనిస్తే, పెద్దాయన ఎడమ మోచేత్తో గుడ్డని అదిమిపెట్టి నెట్టుకొస్తున్నాడు. కుళాయి దగ్గర పట్టుకుని నిలదీశాడు.

"మూడు నెలలైందిరా. ఈ వేళ్లు నా మాట వినడం లేదు" అన్నాడు పెద్దాయన.

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తాలే. మీ వదినకి తెలీదు. తెలిస్తే ఆ పూటే పని మాన్పిస్తుంది. ఇంకొక్క ఏడాది చెయ్యనీ. ఇంట్లో కూర్చోబెడితే నేను మనిషిని కాను తమ్ముడూ. నువ్వు మాత్రం నోరు మెదపకు."

మెదపనన్నాడు. అన్నమాట ప్రకారమే మూడు నెలలు నిలబడ్డాడు. జంట గీతలు పడ్డ చొక్కాలు ఏరి, టీ వేళప్పుడు తనే మళ్లీ ఇస్త్రీ చేసేవాడు. బల్ల దగ్గర పెద్దాయన బొమ్మని గోలు మధ్యలో నిలబెట్టి వదిలేస్తే, "చూసి నేర్చుకోండి! కదలకుండా కాయడమే అసలు విద్య" అని కోతలు కోసేవాడు. జనం నమ్మారు కూడా. ఒకరిద్దరు అలా కాయబోయి గోలు మీద గోలు సమర్పించుకున్నారు. పెద్దాయన గడ్డం గోక్కుంటూ నవ్వుకునేవాడు.

ఏటా మిషన్లు మరమ్మతుకి ఆపే ముందురోజు పెద్ద ఆట ఉంటుంది. ఆ ఏడు ప్యాకింగువాళ్లతో. సూపర్‌వైజరే తీర్పరి. పది గోల్స్ ఎవరు ముందు కొడితే వాళ్లదే ఆట. తొమ్మిదీ తొమ్మిదీ అయింది. ప్యాకింగువాళ్లలో బట్టతలవాడు బంతిని ఆపి పట్టుకున్నాడు. మాస్టారు అతని మణికట్టు చూశాడు, ఎటు కొడతాడో తెలిసిపోయింది.

"అన్నయ్యా, నీ వైపుకి లాగు!"

పెద్దాయన భుజం కదిలింది, చెయ్యి కదల్లేదు. ఆ క్షణంలో మాస్టారికి నియమమూ లేదు, నీతీ లేదు. తన పిడి వదిలేసి, పెద్దాయన ఛాతీ మీదుగా చెయ్యి చాచి, గోలు కడ్డీని పట్టి లాగాడు. బంతి బొమ్మకి తగిలి వెనక్కి పోయింది. గది దద్దరిల్లింది.

"పక్కవాడి కడ్డీ! పక్కవాడి కడ్డీ!" అని ప్యాకింగువాళ్లు బల్ల బాదారు.

"ఏం మాస్టారూ, ఎందుకు పట్టుకున్నారు? ఆ రూలు మీరు పెట్టిందేగా?" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ పకపకా నవ్వారు. ఇరవై ఏళ్లుగా తప్పులు చెప్పించుకున్నవాళ్లు, ఒక్కసారి దొరికితే నవ్వరా మరి! మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయన ఎడంచెయ్యి ఆర్నెల్లనుంచి పనిచెయ్యట్లేదు సార్! పనిచెయ్యని చేతి బదులు పట్టుకుంటే తప్పెలా అవుతుంది?"

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. నవ్వులు ఆగిపోయాయి. మాస్టారికి తను ఏమన్నాడో అప్పుడు వినిపించింది. ఒక్క గోలు కోసం అన్నాడు. చెక్క బొమ్మల ఆటలో ఒక్క గోలు కోసం!

"పెద్దాయనా, ఆ చెయ్యి ఒకసారి చాపండి" అన్నాడు సూపర్‌వైజరు.

పెద్దాయన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి చూపించాడు. సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. కానీ ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె దగ్గర అలాంటి చేతిని ఎవరు ఉండనిస్తారు? "ఇంక మీరు విశ్రాంతి తీసుకోవాలి" అని మెల్లగా చెప్పాడు. గోలు ప్యాకింగువాళ్లకే ఇచ్చాడు. పెద్దాయన కుడిచేత్తో క్యారియరు తీసుకుని, మాస్టారి వంక చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మాస్టారు వాళ్లింటికి వెళ్లలేదు. భార్యని పంపేవాడు. ఆవిడ తిరిగొచ్చి, "అక్క ఏడుస్తోంది. బావగారు కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. నువ్వొకసారి వెళ్లు" అనేది.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్న మొహంతోనే వెళ్లు. కొత్తది ఎక్కడ దొరుకుతుంది?"

ఆదివారం వస్తే ఉతికిన చొక్కా వేసుకునేవాడు. చెప్పాల్సిన మాటలు దారిపొడవునా కూడబలుక్కునేవాడు. వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి, మందుల దుకాణం ముందు కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసేవాడు. అన్నయ్య కోపం కాస్త చల్లారనీ అనుకున్నాడు. అలా తొమ్మిది ఆదివారాలు గడిచాయి. బల్ల దగ్గర ఎవడైనా కడ్డీ గిరగిరా తిప్పినా ఏమీ అనేవాడు కాదు.

పదో ఆదివారం రాకముందే కబురొచ్చింది. పెద్దాయనకి పక్షవాతం. ప్రాణం దక్కింది, నడవడం కష్టం, మాట పడిపోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మాస్టారు వరండా దాటి లోపలికి పోలేదు. ఇంటికి తెచ్చాక మాత్రం వెళ్లాడు.

తలుపు తీసింది వదిన.

"ఇప్పుడా రావడం మరిదిగారూ?"

"తప్పయింది వదినా. కోపంగా ఉంటాడని..."

"కోపమే. ఎందుకుండదు? రోజూ మధ్యాహ్నం చొక్కా మార్చుకుని మీకోసం కూర్చునేవారు. 'వాడు రానీ, నాలుగు తిట్లు దాచిపెట్టాను, కడుపారా తిట్టేసి తర్వాత టీ తాగుతాం' అనేవారు. ఆ తిట్లేవో నాకు చెప్పండి, నేను చేరవేస్తానంటే, 'నీకెందుకే, అవి మా తమ్ముడివి' అని కసిరారు. మొన్న పడిపోయిన రోజు కూడా మార్చిన చొక్కాతోనే పడ్డారు."

మాస్టారు లోపలికి వెళ్లి కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకి రాలేదు. పెద్దాయన తల తిప్పి చూశాడు. గుర్తుపట్టాడు.

"వచ్చానన్నయ్యా. తిట్టు."

పెద్దాయన పెదవులు కదిలాయి. మెడనరాలు తేలాయి. ఏదో మూలుగు వచ్చింది, అందులో మాట లేదు. మళ్లీ ప్రయత్నించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్కటి తిట్టన్నయ్యా. ఒక్క మాట. అందరి ముందూ నీ పరువు తీశాను, తిట్టు..."

వదిన వచ్చి పెద్దాయన మూతి తుడిచి, "ఇక చాలు, అలిసిపోతారు" అంది. పెద్దాయన ఆమె చేతిని పక్కకి నెట్టి మళ్లీ నోరు తెరిచాడు. మాస్టారు ఆ నోటి వంకే చూస్తూ, దీపాలు పెట్టే వేళదాకా అక్కడే కూర్చున్నాడు.