కర్చీఫ్ వేసిన సీటు

మారేడ్‌పల్లిలో మా వీధి చివర ఉండే బయాలజీ మేడమ్ శనివారం పొద్దున పోయారు. మోండా మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే కబురు తెలిసింది. ఏరినవి అక్కడే వదిలేసి వచ్చాను.

నేను సిటీ బస్సు కండక్టరుగా రిటైరైనవాణ్ణి. చదివింది ఏడో తరగతి, మిగతాదంతా పొట్లాల కాగితాల మీద చదివిందే. (శనగల పొట్లంలో ఒకసారి సగం గ్రహణం దొరికింది, మిగతా సగం కోసం వారం రోజులు శనగలు తిన్నాను.) మేడమ్ వరండాలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటే వెనక స్టూలేసుకుని కూర్చునేవాణ్ణి. "వినండి, దగ్గకండి" అన్నది ఆవిడ షరతు. టీ చల్లారితేగానీ తాగేవారు కాదు. "తెలియదనడానికి సిగ్గెందుకండీ" అన్నది ఊతమాట.

ఒకరోజు డి.ఎన్.ఏ. పాఠం. దాని మీద కొన్ని ప్రొటీన్లు వచ్చి కూర్చోవడాన్ని బట్టే జన్యువు పనిచెయ్యడమా, మానడమా అన్నది తేలుతుందట. డి.ఎన్.ఏ. అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయనపు ముక్క అంటుకుంటే, అక్షరం అదే గానీ ప్రొటీను కూర్చోలేదట. "బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు" అన్నారు మేడమ్, నావైపు చూసి. పొంగిపోయాను.

యాప్రాల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, గా కర్చీఫ్ చూసుకునే వచ్చి కూసునేటోళ్లు ఉండరా? మా అక్క నా కోసమే ఏస్తది."

"ఉండరు. కూర్చో."

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి మర్నాటి నుంచి రాలేదు. కర్చీఫ్ వేసేది సీటు ఖాళీగా ఉంచడానికి కాదని ముప్పై ఏళ్లు చూసిన నేను కూడా నోరు విప్పలేదు. దగ్గొద్దన్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను.

రెండు వారాలకు మేడమ్ చేతిలో ఏవో కాగితాలతో మా గుమ్మంలో నిలబడ్డారు. పాత శిష్యుణ్ణి అడిగి తెప్పించుకున్నారట. ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లమన్నారు. బంద్‌ల రోజులవి, వెళ్లిన బస్సు తిరిగొస్తుందో లేదో తెలియదు. రేపు పోదామంటే వినలేదు.

యాప్రాల్‌లో వాళ్లింటికి వెళ్తే, పిల్ల బైపీసీ మానేస్తానంటోందని తల్లి చెప్పింది. మేడమ్ నిలబడే మాట్లాడారు.

"నువ్వడిగింది కరెక్టమ్మా. కొన్ని ప్రొటీన్లు ఆ గుర్తున్న చోటే వెతుక్కుని కూర్చుంటాయి. నేను సగమే తెలుసుకుని నీ నోరు మూయించాను."

పోనీయండి మేడమ్, చిన్నపిల్ల అంది తల్లి. మేడమ్ తల అడ్డంగా ఊపి, చాప మీద కూర్చుని, సంచిలోంచి నోటుబుక్కు తీశారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందో మొదటినుంచి చెప్పమన్నారు.

ఆ పిల్ల ముందు గోడవైపు చూస్తూ చెప్పింది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది. కాసేపటికి చేతులు తిప్పుతూ, మాట మీద మాట. మేడమ్ కళ్లజోడు జారుతున్నా రాసుకుంటూనే ఉన్నారు. తల ఎత్తకుండా ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి, "కాస్త నెమ్మదిగామ్మా" అన్నారు.