‘వై’ మీద ఆగిన వేలు

జనక్‌పురిలో మా కింది ఫ్లాట్‌లో ఉండే పద్మక్క పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఒక డిస్కు పాడైనా రెండోది ఆదుకునేలా ఆవిడ కంప్యూటర్‌లో రెండు డిస్కులను జతచేసింది నేనే. ఆ విద్య ఏ కోర్సులోనూ చేరకుండా లైబ్రరీ పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. కమాండ్లన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్‌కి ఆ జత కనిపించలేదు. మూడు పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. నోటుబుక్కులోని మొదటి కమాండ్ కొట్టాను. తెరమీద ఇంగ్లిష్‌లో ఏదో ప్రశ్న వచ్చింది. అలవాటుగా వేలు, అవునని చెప్పే ‘వై’ మీదికి వెళ్లింది.

“ఏమడుగుతోంది తమ్ముడూ? తెలుగులో చెప్పు,” అంది పక్కనే ఉన్న అక్క.

“ఈ డిస్కుల్లో ఇదివరకే ఒక జత ఉంది, అయినా కొత్తది తయారుచేయమంటారా అని...”

చెబుతూ ఉండగానే వేలు వెనక్కి తీసుకున్నాను.

“కొత్తదా? మరి పాతవి? వాళ్లందరికీ మళ్లీ తాళి కట్టించలేను బాబూ!”

వద్దని ‘ఎన్’ నొక్కాను. పేజీ తిప్పితే, ఉన్న జతనే తిరిగి కలిపే కమాండ్ ఉంది. అది కొట్టాను. మూడు పెళ్లిళ్లూ తెరమీదికి వచ్చాయి. అక్క కళ్లు తుడుచుకుంది.

మర్నాడు లైబ్రరీలో చూస్తే, మొదటి కమాండ్ కిందే, కొత్త జత చేస్తే పాతవన్నీ పోతాయన్న హెచ్చరిక ఉంది. చేయి నొప్పిపుట్టి నేను రాసుకోకుండా వదిలేసింది ఆ నాలుగు వాక్యాలే. అక్కడే కూర్చుని ఎర్ర సిరాతో రాసుకున్నాను.