మన్‌బీర్ వేయించిన ఇసుక

ముప్పై ఒక్క ఏళ్లుగా మన్‌బీర్ థామీ ఇంజను ముందు, జానెడు ఇనుప పలక మీద కూర్చుంటున్నాడు. డార్జిలింగ్ నుంచి ఘూమ్ ఎక్కే చిన్న రైలు వానకు జారితే, వంగి పట్టా మీద ఇసుక రాల్చడం అతని ఉద్యోగం. చూసేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. వాళ్లకేం, ఫోటోలు తీసుకుని పోతారు.

తడి ఇసుక ముద్దకడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే మొక్కజొన్నలు వేయించే మూకుట్లోనే దాన్నీ వేయించేవాడు. భార్య రన్‌మాయ నెత్తీ నోరూ బాదుకునేది.

"ఏమయ్యా, పేలాలు నమిలితే కరకరమంటున్నాయి! ఈ పళ్లు నావా, రైల్వేవా?"

"నన్ను చేసుకున్నావుగా, సగం రైల్వేవే!"

ఆ జూలైలో కొత్త అధికారి ఇంజనుకు ఇసుక గొట్టాలు బిగించాడు. డ్రైవరు పిడి లాగితే చాలు, ఇసుక దానంతటదే పడుతుందన్నాడు. ఇంజను ముందు రెండో పక్క కూర్చుని ఇసుక రాల్చే మనిషిని అప్పుడే వేరే పనికి పంపేశాడు.

"పెద్దాయనా, ఇవాళ్టి నుంచి మీరు స్టేషన్లో జెండా ఊపండి."

మన్‌బీర్ ఈ ఒక్కసారికి కూర్చోనివ్వమని బతిమాలి, ఇసుక సంచీతో తన పలక ఎక్కాడు. అధికారి పెట్టెలో కూర్చున్నాడు.

బతాసియా మలుపులో వాన, పొగమంచు కమ్ముకున్నాయి. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. డ్రైవరు నీమా తమాంగ్ పిడి లాగాడు, మళ్లీ లాగాడు. గొట్టంలో తడి ఇసుక గట్టిపడి, గింజ కూడా రాలలేదు. బండి మూరెడు వెనక్కి జారింది.

"కాకా, గొట్టం మూసుకుపోయింది!"

"బ్రేకు బిగించరా! నేను చెప్పేదాకా ఆవిరి పెంచకు!" అని అరిచి, మన్‌బీర్ కిందికి దిగిన అధికారి చేతిలో ఇంత వెచ్చని ఇసుక పోశాడు. "ఆ పక్క ఖాళీ సార్. ఎక్కండి."

అధికారి ఎక్కాడు. ఎక్కి గుప్పిళ్లతో కుమ్మరించాడు.

"కూరలో ఉప్పు వేసినట్టు సార్! గుంత పూడుస్తున్నారా ఏమిటి?"

నీమాకు నవ్వాగలేదు. చక్రం పట్టా పట్టింది. బండి ఒక్కో అడుగే ఎక్కుతూ, బజారు మధ్యనుంచి కూత పెడుతూ ఘూమ్ చేరింది. దుకాణాల వాళ్లు చప్పట్లు కొట్టారు. మన్‌బీర్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

అధికారి మసిముఖంతోనే స్టేషను పుస్తకం తెప్పించి ఏదో రాశాడు. మన్‌బీర్‌కు చదువు రాదు. నీమా చదివి వినిపించాడు: "ఇంజను ముందు ఇసుక మనుషులు ఇద్దరూ కూర్చోనిదే బండి కదలరాదు."

"ఇంకోసారి చదవరా," అన్నాడు మన్‌బీర్. "ఆ టీకొట్టు దాకా వినబడాలి."