కందిపొడికి పర్మిషన్

మా మార్కాపురం దుకాణంలో అమ్మే కందిపొడిని దుబాయ్‌కి పంపిస్తానని హైదరాబాద్ నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. వచ్చీరాగానే, డబ్బా మీద కందిపొడి అని రాయకూడదన్నాడు. దుబాయ్‌లో ఏదో కంపెనీ ఆ పేరును తమదిగా రిజిస్టరు చేయించుకుందట. పక్కనే కొనకనమిట్ల చేలల్లో పండిన కందులు మావి, దంచే చేతులు మావి, పేరు మాత్రం వాళ్లదా! నాకు ఒళ్లు మండింది. మా అమ్మ మాత్రం నవ్వి, "ముందు అన్నం తిను నాయనా" అంది.

మా ఇంట్లో మారు వడ్డించాలంటే, చుట్టమైనా సరే, ఏం కావాలో పేరు పెట్టి అడగాలి. వేలు చూపిస్తే చెంచా కదలదు. ఏజెంటు పొడీ నెయ్యీ కలిపిన అన్నం చిటికెలో ఊడ్చేసి, మళ్లీ అన్నం పెట్టించుకుని, "ఇంకొంచెం కందిపొడి వేయండమ్మా" అన్నాడు.

అమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది. "ఆ పేరు కంపెనీవాళ్లదంటివి గదా. పర్మిషన్ తెచ్చుకున్నావా?"

అతను గిన్నె వైపు వేలు చూపించాడు. "అదేనమ్మా... కందిపప్పు వేయించి, ఎండుమిరపకాయలు వేసి దంచిన..."

"అట్ల చెప్తే నాకేం తెలుస్తాది? అదేందో పేరు చెప్పు."

అన్నం చల్లారిపోతోంది. "కందిపొడమ్మా, కందిపొడి! దాన్ని ఇంకేమంటారు?"

"ఆ మాటే పోయి ఆ కంపెనీవాళ్లకు చెప్పు" అంటూ అమ్మ రెండు చెంచాలు వేసింది.